మోకాలి కింద తలగడ

ఫెబాకి ఓర్వలేనితనం పుట్టుకతోనే వచ్చిందని రోలుగుంటలో ఆమెని ఎరిగినవాళ్ళంతా అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే అనేవారు. ఆమె కూడా కాదనేది కాదు. చిన్నప్పుడు తల్లి చెల్లెలికి రెండు జడలేసి, జుట్టు పలచన కదా అని తనకి ఒక్కటే వేసిందని, మిట్టమధ్యాహ్నం ఎండలో చర్చి మెట్ల మీద కూర్చుని ఇంటికి రానంది. సండేస్కూల్లో ఇంకెవరికైనా రంగుల కార్డు బహుమతి ఇస్తే ఆ పూట అన్నం సయించేది కాదు. "దీన్ని కట్టుకున్నోడు ఆడబొమ్మున్న కేలండరు కూడా గోడకి తగిలించుకోకూడదు" అని తండ్రి నవ్వేవాడు.

ఆ కట్టుకున్నవాడు మేనత్త దీనమ్మ కొడుకు రూఫస్. పొడుగ్గా, నల్లగా, నవ్వితే చిగుళ్ళన్నీ కనపడేలా నవ్వే మనిషి. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. మిగతా రోజులు అచ్యుతాపురం వైపున్న ఒక పైపుల కంపెనీలో క్రేను కొక్కేనికి గొలుసులు తగిలించే పని. అనకాపల్లిలో శారదా నది వంతెనకి ఇవతల వాళ్ళ పెంకుటిల్లు. పొద్దున్నే కంపెనీ బస్సు మలుపులో ఆగేది. ఫెబా క్యారేజీ ఇచ్చే వంకతో అక్కడిదాకా వెళ్ళి, బస్సులో ఆడవాళ్ళు ఎవరెవరు ఉన్నారో, ఏ సీట్లో కూర్చున్నారో చూసుకుని మరీ వెనక్కి వచ్చేది. తర్వాత తను జీడిపిక్కలు కొట్టే పనికి పోయేది. పిక్కల తొక్కలోంచి కారే జిడ్డుకి ఆమె వేళ్ళు ఎప్పుడూ నల్లగా, పొక్కిపోయి ఉండేవి. పెళ్ళయిన కొత్తలో ఆ వేళ్ళు దాచుకునేది. రూఫసే వాటిని లాక్కుని చూసి, "నీ సేతులు సూత్తే నాకు జీడిపప్పు ఉప్మా తినాలనిపిత్తాదే" అనేవాడు. అలాంటి మాటలకి ఆమె రోజంతా బతికేసేది.

రెండువేల ఆరులో, వానలు వెనకపట్టిన రోజుల్లో, కంపెనీలో గొలుసు జారి పైపుల కట్ట రూఫస్ కుడికాలి మీద పడింది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేరు. డాక్టర్లు చూసినంతసేపు చూసి, మోకాలి కింద నుంచి తీసెయ్యకపోతే ప్రాణానికే ముప్పన్నారు. కాగితం మీద వేలిముద్ర వేసింది దీనమ్మ. ఫెబాకి సంతకం వచ్చు గాని, ఆ వేళ చెయ్యి ఆడలేదు.

కుట్లు మానేక రూఫస్‌ని అనకాపల్లి మిషనాసుపత్రికి పంపించేరు. ఆ ఆసుపత్రి వెనకవైపు ఒక పొడుగాటి వార్డు ఉంది. కాళ్ళూ చేతులూ దెబ్బతిన్నవాళ్ళని అందులో ఉంచి, మళ్ళీ లేచి తిరగడం నేర్పేవారు. వార్డు చివర ఎక్సర్సైజు గది. దాంట్లో నడుం ఎత్తున రెండు ఇనప కమ్మీలు, వాటి మధ్య నడవడానికి బాట. పక్క షెడ్డులో పెట్టుడు కాళ్ళు తయారుచేసేవారు. మొండికాలు వాపు తగ్గి, గట్టిపడి, ఆకారానికి వచ్చేక కొలత తీసుకుని కాలు చేస్తామని డాక్టరు చెప్పేడు.

రూఫస్ ఆ మాట విన్నాడో లేదో. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఫెబా ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే తల పక్కకి తిప్పేసేవాడు.

"రెండు ముద్దలన్నా తిను బావా."

"ఆకలి నేదు."

"గెడ్డం సూడు, ముళ్ళకంపలాగ ఎలా పెరిగిపోనాదో. మంగలిని పిలుత్తానుండు."

"ఎవులు సూడాలని?"

అంతటితో మాట అయిపోయేది. నెల పైచిలుకు అలాగే గడిచింది. కూతురు కృపాజ్యోతి ఒకటో క్లాసు. దాన్ని నానమ్మ దగ్గర వదిలి, పనికి సెలవు చెప్పి, ఫెబా ఆసుపత్రిలోనే ఉండిపోయింది. కిటికీ అవతల నర్సులు నవ్వుకుంటూ పోతే వాళ్ళ మీద కుళ్ళేది, రెండు కాళ్ళ మీద నడుస్తూ టీ అమ్మేవాడి మీద కుళ్ళేది. అదంతా మామూలు కుళ్ళే. అసలుది తర్వాత వచ్చింది.

ఒక సోమవారం వార్డులోకి కొత్త ఫిజియో వచ్చింది. పేరు యశస్విని. బెల్లం వ్యాపారం చేసే షావుకారు గారమ్మాయి, విశాఖలో చదువు అప్పుడే పూర్తయింది. బక్కపలచగా, భుజాల దాకా కూడా రాదు రూఫస్‌కి. తెల్లకోటు చేతులు పైకి మడిచి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, కప్పిన దుప్పటి తీసేసి, ఆ మొండికాలిని రెండు చేతులతో పట్టుకుంది. దాన్ని ఫెబా కూడా అప్పటికి సరిగ్గా పట్టుకోలేదు. కట్టు మార్చేటప్పుడు నర్సు పక్కన నిలబడి, కళ్ళు పక్కకి తిప్పుకునేది.

"రూఫస్ గారూ, మీ మోకాలు ఉంది. అది మీ అదృష్టం. మోకాలున్నవాళ్ళు సైకిలు తొక్కుతారు. రేపు తొమ్మిదింటికి ఎక్సర్సైజు రూముకి రండి" అంది యశస్విని.

"వత్తానండి మేడం" అన్నాడు రూఫస్.

ఫెబా తల తిప్పి చూసింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయింది. మర్నాడు పొద్దున్న ఆమె కాఫీ తెచ్చేసరికి రూఫస్ మంచం మీద లేచి కూర్చుని, పక్కమంచం అతని చేత అద్దం పట్టించుకుని గెడ్డం గీసుకుంటున్నాడు. బుగ్గ మీద నురగ. కొంచెం తెగి రక్తం కూడా వచ్చింది.

"ఆ చొక్కా కాదు, గళ్ళ చొక్కా తియ్యి" అన్నాడు.

ఫెబా సంచిలోంచి గళ్ళ చొక్కా తీసి ఇచ్చింది. సంతోషపడాలి. ఆ సంగతి ఆమెకి తెలుసు. దేవుణ్ణి ఇన్నాళ్ళూ అడిగింది అదే కదా. కాని గుండెలో ఎవరో పచ్చిమిరపకాయ నూరినట్టయింది. తను అడిగితే ఎవులు సూడాలని అన్నవాడికి, ఇప్పుడు చూసేవాళ్ళు దొరికేరు.

ఎక్సర్సైజు గది తలుపు దగ్గర నిలబడి చూసేది రోజూ. ఆ పిల్ల కాలు ఎత్తమంటే ఎత్తేవాడు, చాపమంటే చాపేవాడు. బోర్లా పడుకోమంటే చిన్నపిల్లాడిలాగ బోర్లా పడుకునేవాడు. కమ్మీలు పట్టుకుని ఒంటికాలి మీద లేచి నిలబడ్డ రోజున యశస్విని చప్పట్లు కొడితే, రూఫస్ చిగుళ్ళన్నీ కనపడేలా నవ్వేడు. ఫెబా తన చేతులవైపు చూసుకుంది. పనికి పోక అన్నాళ్ళయినా వేళ్ళ మీద నలుపు పోలేదు. ఆ పిల్ల చేతులు మంచి గంధంలాగ ఉన్నాయి.

పక్కమంచం అతను బుచ్చయ్యపేట నుంచి వచ్చేడు, కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం విరిగింది. పేరు పైడిరాజు. అతని భార్య బుల్లమ్మ నోట్లో మాట దాగదు. ఒకరోజు ఇద్దరూ కుళాయి దగ్గర గిన్నెలు తోముకుంటూంటే అంది: "ఆ మేడంగోరు మీకు ముందునుంచీ తెలుసా అమ్మా? మీ ఆయనతో అంత కలుపుగోలుగా ఉంటాది. మా ఆయన్ని పిలిచినప్పుడు ఆ నవ్వుండదు."

బుల్లమ్మ తన మొగుడి కోసం ఏడుస్తూ అన్న మాట అది. ఫెబా చెవిలో ఇంకోలా పడింది. గిన్నె అడుగు అరిగిపోయేలా తోమింది.

అత్త దీనమ్మ మనవరాలిని తీసుకుని ఆదివారం వచ్చి కూర్చునేది. ఆవిడదొకటే పాట. "షావుకారింటి పిల్ల. ఆళ్ళ గుమ్మంలోకి మన తాతలు ఎల్లగలిగేరా? అలాటిది నా కొడుకు కాలు ఒళ్ళో ఎట్టుకుని నొక్కుతాది. దేవదూతే ఆ పిల్ల."

"నానేటి, దెయ్యాన్నా అత్తా?" అంది ఫెబా.

"నిన్నెవులన్నారే?"

"ఎవులూ అన్నేదులే."

ఒక మధ్యాహ్నం రూఫస్ మోకాలు లాగుతోందన్నాడు. ఫెబా ఇంటి నుంచి తెచ్చిన బూరుగుదూది తలగడ మోకాలి కింద పెట్టింది. కాలు కొంచెం వంగి తలగడ మీద ఆనేసరికి అతను హాయిగా కళ్ళు మూసుకున్నాడు. ఆ హాయి తను ఇచ్చింది. ఫెబా విసనకర్రతో విసురుతూ కూర్చుంది. అంతలో యశస్విని రౌండుకి వచ్చింది.

"ఎవరండీ ఈ తలగడ పెట్టింది?"

వార్డంతా వినపడింది. రూఫస్ కళ్ళు తెరిచి, నవ్వుతూ, "ఇదే ఎట్టింది మేడం, నాను ఒద్దన్నా ఇనదు" అన్నాడు. ఫెబావైపు వేలు కూడా చూపించేడు.

యశస్విని తలగడ లాగి పక్కన పెట్టింది. "ఎప్పుడూ పెట్టకండమ్మా. సుఖంగా ఉంటుంది, కాని మోకాలు అలాగే వంగి బిగుసుకుపోతుంది. మోకాలు చాపలేకపోతే కాలు తొడగలేం. అర్థమైందా?"

అర్థమైంది. పక్కమంచాల వాళ్ళు చూస్తున్నారని కూడా అర్థమైంది. అన్నింటికంటే, మొగుడు తనని పట్టిచ్చి నవ్వేడని అర్థమైంది.

డిసెంబరు మొదట్లో డాక్టరు, ఇక ఇంట్లో ఉండొచ్చు, రోజూ ఆటోలో వచ్చి ఎక్సర్సైజులు చేసుకుని పొండన్నాడు. ఫెబా రూఫస్‌ని ఇంటికి తెచ్చింది. రెండు రోజులు తీసుకెళ్ళింది. మూడో రోజు పొద్దున్న రూఫస్ గెడ్డం గీసుకుంటూంటే అతని వీపు వెనక నిలబడి చూసింది. అతను ఈల వేస్తున్నాడు.

"ఇయ్యాల ఎల్లక్కర్లేదు బావా. ఆ మేడం లీవులో ఉన్నాదంట. వచ్చేక కబురెడతారంట."

"ఎవులు సెప్పేరు?"

"నర్సు."

మాట నోట్లోంచి వచ్చేక దాన్ని వెనక్కి తీసుకోవడానికి బోలెడు సందులు దొరికేయి. మర్నాడు దొరికింది, ఆ తర్వాత ఆదివారం దొరికింది. ఫెబా తీసుకోలేదు. ఎందుకంటే ఆ రోజులు ఆమె బతుకులో మంచి రోజులు. రూఫస్ ఇంట్లో, తన కళ్ళ ఎదురుగా, తన మంచం మీద. ఏ బస్సూ అతన్ని ఎక్కించుకుపోదు. ఏ తెల్లకోటూ వచ్చి చప్పట్లు కొట్టదు. తలగడ మోకాలి కింద పెడితే, "ఆ మేడం ఒద్దంది కదే" అన్నాడు మొదట. "ఆవిడికేటి, నొప్పి నీది కదా" అంది ఫెబా. తర్వాత అతను అనడం మానేసేడు. కాలు లాగకుండా నిద్రపట్టేది. ఫెబా ఉప్మాలో జీడిపప్పు వేసేది. కృపాజ్యోతి తండ్రి పొట్ట మీద కూర్చుని ఏబీసీడీలు చదివేది.

క్రిస్మసుకి వీధిలో ప్రతి ఇంటి ముందూ కాగితం నక్షత్రాలు వెలిగేయి. చర్చి కుర్రకారు పాటలు పాడుతూ వచ్చినప్పుడు రూఫస్ మంచం మీదే డోలక్ ఒళ్ళో పెట్టుకుని వాయించేడు. మోకాలి కింద తలగడ ఉంది. పాస్టరు గారు ప్రార్థన చేసి, "మీ ఇంట్లో ఆనందం మళ్ళీ వచ్చిందమ్మా" అన్నాడు. వచ్చిందనే ఫెబా కూడా అనుకుంది.

కొత్త సంవత్సరం వచ్చిన వారానికి గుమ్మం ముందు స్కూటీ ఆగింది. యశస్విని. చేతిలో హెల్మెట్టు, మొహం మీద దుమ్ము. వీధిలో ఇల్లు ఇల్లూ అడుక్కుంటూ వచ్చినట్టుంది. ఫెబా బట్టలు ఆరేస్తున్నది అలాగే నిలబడిపోయింది.

"ఏమైంది రూఫస్ గారూ, అసలు రావడమే మానేశారు?" అంటూ లోపలికి వెళ్ళింది ఆ పిల్ల.

"అదేటి మేడం, మీరు లీవులో ఉన్నారని..." రూఫస్ మొదలెట్టేడు. తలుపు దగ్గర నిలబడ్డ ఫెబా మొహం చూసేడు. ఆగేడు.

"లీవా? నేనా?"

ఆ ఒక్క నిమిషం ఫెబాకి శారదా నదంత పొడుగనిపించింది. రూఫస్ యశస్వినివైపు తిరిగేడు.

"కాదండి. నాకే బద్ధకం ఏసింది. ఇంటికాడ సుఖంగా ఉన్నాది కదాని... ఇదేమో ఎల్దాం ఎల్దాం అంటాది. నానే రానన్నాను."

యశస్విని మంచం మీద కూర్చుని, తలగడ పక్కకి తోసి, మోకాలిని కిందకి నొక్కి చూసింది. మోకాలు దిగలేదు. ఇంకొంచెం నొక్కింది. రూఫస్ పళ్ళు బిగపట్టేడు, మోకాలు మాత్రం వంగిన కొడవలిలాగ అలాగే ఉంది. ఆ పిల్ల మొహంలో కోపం రాలేదు. కోపం వచ్చినా ఫెబాకి బాగుండేది. ఏడుపు వచ్చేలా ఉంది ఆ మొహం.

"ఈ తలగడ..."

"నానే అడిగి ఎట్టించుకున్నాను" అన్నాడు రూఫస్.

"రేపే వచ్చి వార్డులో చేరండి. ఇలా ఉంటే కాలు పెట్టలేం" అని చెప్పి, ఫెబా ఇచ్చిన మంచినీళ్ళు తాగి యశస్విని వెళ్ళిపోయింది.

స్కూటీ చప్పుడు మలుపు తిరిగింది.

"ఎందుకు సేసేవే?" అన్నాడు రూఫస్.

ఫెబా గోడకి ఆనుకుని నిలబడింది. అబద్ధం ఇంకొకటి అందుబాటులోనే ఉంది గాని, తీసుకోవడానికి ఓపిక లేకపోయింది.

"నువ్వా పిల్ల కోసం గెడ్డం గీసుకున్నావు."

"ఏటీ?"

"నాను నెల్లాళ్ళు బతిమాలేను. గీసుకోనేదు. ఆ పిల్ల ఒక్క మాటంది, గీసుకున్నావు. గళ్ళ చొక్కా ఏసుకున్నావు."

"కాలు తెగిపోయినోడి మీద కూడా నీకు ఈ బుద్ధేనా" అన్నాడు రూఫస్. గొంతు పెద్దది చెయ్యలేదు. "నువ్వు అన్నం ఎట్టడానికొచ్చినప్పుడల్లా నీ కళ్ళల్లో పాత రూఫసు కనబడేవోడు. బస్సెనకాల పరిగెత్తి ఎక్కినోడు. నీకు ఆడు తెలుసు. నీకేసి సూత్తే నాకు సచ్చిపోవాలనిపించీది. ఆ పిల్లకి ఆడు తెల్దు. ఒంటికాలోడే తెలుసు. ఆ పిల్లకి నాను తక్కువైపోయినట్టు కనపడను కదా."

వేరే మనిషైతే ఆ మాటతో మెత్తబడిపోయేదేమో. ఫెబాకి మంట ఇంకో వైపు అంటుకుంది. అంటే ఆ పిల్లకి కొత్త మనిషి దొరికేడు. ఈల వేసేవాడు, చెప్పినమాట వినేవాడు. తనకి మిగిలింది గోడవైపు తిరిగినవాడు. ఇదెక్కడి న్యాయం? అయినా ఆ సాయంత్రం ఆమె సంచి సర్దింది. తలగడని అటక మీద పడేసింది.

మళ్ళీ వార్డు. మళ్ళీ బుల్లమ్మ పక్కమంచం. యశస్విని రూఫస్‌ని బోర్లా పడుకోబెట్టి, మడమ లేని ఆ కాలి చివర ఇసక సంచి కట్టింది. తర్వాత వెల్లకిలా తిప్పి, మోకాలి మీద అరచెయ్యి పెట్టి మెల్లిగా, వదలకుండా నొక్కింది. రూఫస్ చెమట్లు కక్కేడు గాని, "పర్లేదు మేడం" అనే అన్నాడు.

"ఇది రోజుకి ఒక్కసారి చేస్తే చాలదు. వార్డులో ఇంతమంది ఉన్నారు, నేను ఒక్కదాన్ని. ఫెబా గారూ, ఇటు రండి. మిగతా పూటలు మీరే చెయ్యాలి."

ఫెబా కదల్లేదు. యశస్వినే లేచి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మోకాలి మీద పెట్టింది. ఆ తెల్లటి చెయ్యి తన నల్లటి వేళ్ళ మీద పడింది. ఫెబా చటుక్కున లాక్కోబోయింది.

"జీడిపిక్కల జిడ్డండి. పోదు."

"మా కొట్లో బెల్లం దిమ్మలు ఎత్తేవాళ్ళ చేతులు చూడాలి మీరు. నొక్కండి. భయపడకండి, విరగదు."

నొక్కింది. రూఫస్ కేక పెట్టేడు. అదాటున వదిలేసింది.

"వదలకండి. పట్టు వదిలితే మళ్ళీ మొదటికే" అంది యశస్విని.

ఆ రోజునుంచి నొప్పి పెట్టేది ఫెబా అయింది. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం మోకాలి మీద ఒళ్ళంతా బరువు పెట్టి వంగేది. రూఫస్ నోటికి హద్దు లేకుండా పోయింది. "పిశాచీ, నా కాలు ఇరిసెత్తావా. నీ సేతులు ఇరిగిపోనూ. మీ అయ్య నిన్ను నాకంటగట్టి నా పేణం తీసేడు" అని వార్డు దద్దరిల్లేలా తిట్టేవాడు. ఫెబా తిట్లన్నీ పడుతూ నొక్కేది. మధ్యలో తనూ తిట్టేది. తొమ్మిదింటికి యశస్విని రాగానే మాత్రం, "గుడ్మార్నింగండి మేడం." ఎక్కడలేని మర్యాద. తనకి బూతులు, ఆ పిల్లకి గుడ్మార్నింగులు. అది తలచుకుంటే ఫెబా చేతుల్లోకి ఇంకాస్త బలం వచ్చేది.

ఒకసారి వరండాలో యశస్విని ఎదురుపడి ఆగింది. "మీరు చేస్తున్నప్పుడు ఆయన అరుపులు నా రూములోకి వినపడుతున్నాయి" అంది.

"ఏం సేత్తాం అమ్మా. నోరు అలాటిది."

"కాదు, మంచిదే. నా దగ్గర ఒక్క మాట అనరు. ఎక్కడ నొప్పో చెప్పరు, ఎంత నొప్పో చెప్పరు. ఎక్కడ ఆపాలో నాకు తెలీక సగంలోనే ఆపేస్తున్నాను. మీ చేతి కిందే ఎక్కువ దిగుతోంది మోకాలు."

ఫెబా బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. కుళాయి దగ్గర బకెట్టు నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు. లోపల ఏదో సర్దుకుంటోంది, అది మంచిదో చెడ్డదో తెలియలేదు. ఆ సాయంత్రం రూఫస్ పిశాచీ అన్నప్పుడు మాత్రం అంత బాధనిపించలేదు.

మాఘమాసం వెళ్ళి ఎండలు ముదిరేసరికి మోకాలు పూర్తిగా చాపుకుంది. షెడ్డులో కొలతలు తీసుకున్నారు. కాలు తయారైంది. గోధుమ రంగు పాదం, దానికి వేళ్ళు కూడా చెక్కేరు. కృపాజ్యోతి దాని గోళ్ళు తడిమి చూసి, రంగు వేస్తానంది.

కాలు తొడిగే రోజు తనే దగ్గరుండాలని ఫెబా మనసులో పెట్టుకుంది. ఎవరితోనూ అనలేదు గాని, ఎక్సర్సైజు గదిలో ఎక్కడ నిలబడాలో కూడా చూసుకుంది. ఆ ముందురోజు సాయంత్రం దీనమ్మ నుంచి కబురొచ్చింది: పిల్లకి జ్వరం కాస్తోందని, అమ్మా అమ్మా అని కలవరిస్తోందని. ఫెబా ఇంటికి వెళ్ళింది. మర్నాడు పిల్లని డాక్టరుకి చూపించి, మందు పట్టించి, ఆసుపత్రికి వచ్చేసరికి పొద్దు నడినెత్తిన ఉంది.

వార్డు గుమ్మంలోనే బుల్లమ్మ ఎదురొచ్చింది. "మీ ఆయన నడిసేడమ్మా. కమ్మీల మద్దిన ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. మేడంగోరు కళ్ళనీళ్ళెట్టుకున్నారు. అందరం సూసేం" అంది.

అందరూ చూసేరు. బుల్లమ్మ చూసింది, టీ అమ్మేవాడు చూసేడు, ఆ పిల్ల చూసి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. ఇన్నాళ్ళు తిట్లు తిని ఆ మోకాలు చాపింది తను. తను లేనప్పుడు నడిచేడు. ఫెబా లోపలికి వెళ్ళలేదు. వెనకవైపు బట్టలుతికే గట్టు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషం అందులో లేదని చెప్పలేం. కాని పైకి వచ్చింది మాత్రం అసూయే.

లోపలికి వెళ్ళేసరికి రూఫస్ మంచం మీద కూర్చుని, తీసి పక్కన పెట్టిన పెట్టుడు కాలిని చూసుకుంటున్నాడు.

"పిల్లకి ఎలాగున్నాది?"

"తగ్గింది."

"బుల్లమ్మ సెప్పేసిందా?"

ఆమె దుప్పటి మడత పెట్టింది.

"అది నడకా ఏటే. రెండు సేతులా కమ్మీలు కావలించుకుని నాలుగు ఈడ్పులు."

"సూసినోళ్ళకి నడకే కదా."

"నువ్వొచ్చేదాకా ఆగుదామన్నాను. మేడం ఒద్దంది, ఎండెక్కితే కాలు వాచిపోద్దంది."

ఆ మాట నిజమో, తనని ఊరుకోబెట్టడానికి అన్నాడో ఫెబా అడగలేదు. నిజమే అయినా, మేడం మాటే కదా విన్నది.

మర్నాడు పొద్దున్న ఆమె గది తలుపు దగ్గర నిలబడితే యశస్విని లోపలికి పిలిచింది. రూఫస్ లేచేడు. కమ్మీల మధ్య వచ్చేడు. ఫెబా అతని మొహం చూడలేదు, పాదాలే చూసింది. నిన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు పెట్టుకున్నారు, తనకి ఆ పని మిగల్లేదు.

"కాలు బయటికి ఇసురుతున్నావు. తిన్నగా ఎయ్యి" అంది.

రూఫస్ ఆగి, "సూసేరా మేడం" అన్నాడు.

"కరెక్టే చెప్పారు. బయటికే వేస్తున్నారు. తిన్నగా వెయ్యండి" అంది యశస్విని.

ఆ వేసవంతా అలాగే సాగింది. కమ్మీల నుంచి కర్రలకి, కర్రల నుంచి ఒక చేతికర్రకి. ఇంటికి వచ్చేక వంతెన దాకా పొద్దున్నే నడిపించేది ఫెబా. పక్కన నడిచేది కాదు. నాలుగు అడుగులు వెనక నడుస్తూ, తప్పు పడిన ప్రతి అడుగుకీ అరిచేది. వీధిలో వాళ్ళు నవ్వుకునేవారు. రూఫస్ తిట్టుకుంటూ దిద్దుకునేవాడు. రెండువేల ఎనిమిదిలో కంపెనీ అతన్ని మళ్ళీ తీసుకుని, స్టోర్సులో సామాను ఇచ్చి పుచ్చుకునే చోట కూర్చోబెట్టింది. క్రేను దగ్గరికి పొమ్మనలేదు, అతనూ అడగలేదు. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు మొదట్లో క్లీనరు చెయ్యి అందించేవాడు. తర్వాత అక్కర్లేకపోయింది. అప్పటికి ఆ వైపు కొత్త ఫ్యాక్టరీలు వచ్చి, బస్సుల నిండా ఆడపిల్లలే. ఫెబాకి మళ్ళీ పని దొరికింది, సీట్లు చూసుకోవడం.

ఆ ఏడాది వైశాఖంలో యశస్విని పెళ్ళి. తనే స్కూటీ మీద వచ్చి పిలిచి వెళ్ళింది. పెళ్ళికొడుకు రాజమండ్రిలో ఇంజనీరు, పెళ్ళయ్యేక అక్కడికే పోతుంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఫెబా మొహం వెలిగిపోయింది. దాన్ని దాచుకోవడానికి కూడా ప్రయత్నం చెయ్యలేదు. దీనమ్మ చూసి, "పెళ్ళి నీకు కాదే" అంది.

కల్యాణమండపంలో వ్యాపారులు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, పట్టుచీరలు, మల్లెల వాసన. ఫెబా పచ్చంచు నీలం చీర కట్టుకుంది. వధూవరుల మీద అక్షింతలు వెయ్యడానికి జనం వరసలో పైకెక్కుతున్నారు. వేదికకి ఎత్తయిన మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. రూఫస్ చేతికర్ర ఫెబాకి ఇచ్చేసి ఎక్కడం మొదలుపెట్టేడు. మంచి కాలు ముందు, పెట్టుడు కాలు వెనక. వెనక నిలబడ్డవాళ్ళకి ఆ మనిషిలో ఏదీ తేడాగా కనపడలేదు. పెళ్ళికూతురికి కనపడింది. పక్కనున్న పురోహితుడు ఏదో చెప్తున్నా వినకుండా, తల వంచి ఆ పాదాలే చూసింది. చూసి, రూఫస్‌ని కాదు, వెనక వస్తున్న ఫెబాని చూసి నవ్వింది. ఫెబా కూడా నవ్వింది. ఆ నవ్వు మర్యాదకి నవ్వింది కాదు. అక్షింతలు వేసేటప్పుడు ఆ పిల్ల చల్లగా ఉండాలనే అనుకుంది. రాజమండ్రిలో చల్లగా ఉండాలని.

"ఈవిడే ఫెబా గారు. నాకంటే గట్టి ఫిజియో" అని యశస్విని పెళ్ళికొడుక్కి చెప్పింది.

తిరుగు ఆటోలో పిల్ల దీనమ్మ ఒళ్ళో నిద్రపోయింది. రూఫస్ కాలు చాపుకుని, సీటుకి ఆనుకుని కూర్చున్నాడు. బెల్లం మార్కెట్టు దాటేక ఫెబా అడిగింది.

"పెళ్ళికూతురు బాగున్నాదా?"

"బాగున్నాది."

"నగలా, మనిషా?"

"రెండూ."

ఫెబా బయటికి చూస్తూ కూర్చుంది. వంతెన వచ్చింది.

"ఏటి, మళ్ళీ మొదలెట్టేవా?" అన్నాడు రూఫస్.

"ఏటీ నేదు" అంది ఫెబా. "కాలు లోపలికెట్టుకో, బళ్ళు రాసుకు పోతన్నాయి."

రూఫస్ కాలు లోపలికి పెట్టుకున్నాడు.